అత్తయ్యగారి పూలసజ్జ

ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఇరవై నిమిషాల్లో మీకు ఒకే ఒక్క సంగతి చెబుతాను. చేతిలో పని ఉంటే ఆపకండి. కూర తరుక్కుంటూ వినొచ్చు, బట్టలు మడత పెట్టుకుంటూ వినొచ్చు, కారు నడుపుతూ కూడా వినొచ్చు. చివర్లో మాత్రం కళ్ళు మూసుకోమంటాను. అప్పుడు కారులో ఉన్నవాళ్ళు నా మాట వినకండి.

మిషిగన్ చలికాలం ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. తెలుగునాట నుంచి వినేవాళ్ళకి రెండు ముక్కలు చెబుతాను. డిసెంబరు నెలాఖర్లో ఇక్కడ ఉదయం 8 గంటలకి గాని సూర్యుడు రాడు. సాయంత్రం 5 దాటగానే వెళ్ళిపోతాడు. ఆ మధ్యలో కూడా చాలా రోజులు మబ్బు చాటునే ఉంటాడు. వీధిలో మనుషులు కనపడరు. కార్లు కనపడతాయి, వాటిలో మనుషులున్నారని మనం నమ్మాలి.

అలాంటి ఒక నవంబరులో మా అత్తయ్యగారు తెనాలి నుంచి వచ్చారు. ఆరు నెలలు ఉందామని వచ్చారు. తెనాలిలో ఆవిడ పూజకి పూలు కొని ఎరగరు. గేటు పక్కన నందివర్ధనం, బావి దగ్గర మందారం, వెనక వైపు పారిజాతం. తెల్లారగట్ల సజ్జ పట్టుకుని బయల్దేరేవారు. సొంత చెట్ల పూలు చాలక, పక్కింటి గోడ మీంచి ఇటు వాలిన గన్నేరు పూలు కూడా కోసుకొచ్చేవారు. ఆ పక్కింటావిడకీ ఈవిడకీ దాని మీద పాతికేళ్ళ తగువు.

ఇక్కడికి వచ్చాక మొదటి వారం దుకాణంలో గులాబీలు కొనిచ్చాను. డజను పూల కట్ట. ఆవిడ ఒక పువ్వు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, తిప్పి చూసి, "వాసనే లేదేమిటే అమ్మాయ్, కాగితప్పువ్వా?" అన్నారు. తులసి మొక్క లోపల కిటికీ దగ్గర పెట్టాం. నెల తిరక్కుండా పుల్ల మిగిలింది. నోవైలో వెంకటేశ్వరస్వామి గుడి ఉంది. మాకు దగ్గరే. కానీ మంచు పడ్డ రోజు ఎవరు తీసుకెళతారు? ఆవిడ మెల్లిగా మాటలు తగ్గించేశారు. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవారు. నాకు భయం వేసింది. టికెట్టు ముందుకి జరిపించి పంపించేద్దామా అని కూడా అనుకున్నాం.

జనవరిలో ఒకరోజు పొద్దున్నే కాఫీ పెడదామని కిందికి దిగాను. అత్తయ్యగారు పెరటి వైపు అద్దాల తలుపు ముందు కూర్చుని ఉన్నారు. బయట మోకాలి లోతు మంచు. ఆవిడ కళ్ళు మూసుకుని ఉన్నారు. కుడిచెయ్యి కదులుతోంది. బొటనవేలూ, రెండు వేళ్ళూ దగ్గరికి చేరి చిన్నగా మెలి తిరుగుతున్నాయి. తర్వాత ఆ చెయ్యి ఎడమ పక్కకి వెళ్ళి, ఏదో జారవిడిచినట్టు తెరుచుకుంటోంది. మళ్ళీ పైకి. మళ్ళీ మెలి. కాసేపటికి కుర్చీలో కూర్చునే మడమలు కొంచెం పైకి లేపారు.

"ఏంటత్తయ్యా?" అన్నాను.

"ఉండవే. పైకొమ్మ అందట్లేదు" అన్నారు, కళ్ళు తెరవకుండానే.

తెనాలి పెరట్లో పూలు కోస్తున్నారన్నమాట! నవ్వొచ్చింది. పక్కింటి గన్నేరు పూలు కూడా కోశారా అని అడిగాను. "కోశాను. ఈసారి అడిగే కోశాలే" అన్నారు. అప్పటికి రెండు వారాలుగా చేస్తున్నారట. పూలు కొయ్యడం, నీళ్ళు తోడడం, దేవుడికి స్నానం, చందనం అరగదియ్యడం, అలంకారం, నైవేద్యం. మొత్తం ముప్పావుగంట. "ఇవాళ చక్కెర పొంగలి చేశాను. జీడిపప్పు గుప్పెడు వేశాను. మీ మామయ్యగారుంటే అంత ఎందుకు అనేవారు" అని కూడా చెప్పారు.

నేను చూసింది ఆవిడ మొహం. పిల్లల బడి హడావిడి, డబ్బాలు, బూట్లు, అరుపులు. ఇల్లంతా సంతలా ఉంది. ఆ మధ్యలో ఈవిడ, పెళ్ళి పందిట్లో బంతి మీద బంతి వడ్డించి వచ్చి, కాళ్ళు చాపుకుని కూర్చున్న మనిషిలా ఉన్నారు. అలసట లేని నిండుతనం. ఏమీ రాలేదు ఆవిడకి. ఒక్క పువ్వు రాలేదు. అయినా ఇంట్లో అందరికంటే ఆవిడే కలిగినమనిషిలా ఉన్నారు.

ఎందుకలా అని నేను చాలా రోజులు ఆలోచించాను. నాకు తోచింది చెబుతాను. ఊహలు రెండు రకాలు. ఒకటి అడిగే ఊహ. రెండోది పెట్టే ఊహ. నాకు ఇది రావాలి, నాకు అది కావాలి అనేది అడిగే ఊహ. ఒకరికి పెడుతున్నాను, ఒకరికి చేస్తున్నాను అనేది పెట్టే ఊహ. మనల్ని లోపల నింపేది ఈ రెండోదే. మళ్ళీ చెబుతున్నాను. అడిగే ఊహ కాదు, పెట్టే ఊహ.

అత్తయ్యగారు చేసినదానికి మనవాళ్ళు ఎప్పుడో పేరు పెట్టారు. మానసపూజ. శంకరాచార్యుల పేరుతో శివమానసపూజ అని ఒక చిన్న స్తోత్రం ఉంది. 5 శ్లోకాలే. మీలో చాలామందికి నోటికి వచ్చే ఉంటుంది. నోటికి వచ్చింది కాబట్టే అందులో ఏముందో మనం చూసుకోం. ఈసారి ఆగి చూడండి. భక్తుడు మనసులోనే శివుడికి రత్నాల ఆసనం వేస్తాడు. చల్లటి మంచునీళ్ళతో స్నానం చేయిస్తాడు. మిషిగన్లో ఉన్నవాళ్ళకి ఆ మంచునీళ్ళ మాట దగ్గర కొంచెం వణుకు పుడుతుంది, అది వేరే సంగతి. బట్టలు కడతాడు. జాజులు, సంపెంగలు, మారేడు దళాలు తెస్తాడు. బంగారు గిన్నెలో నెయ్యీ పాయసమూ పెడతాడు. పాలూ పెరుగూ అరటిపండూ, కూరలైతే లెక్కే లేదు. కర్పూరం వేసిన మంచినీళ్ళు, ఆఖర్న తాంబూలం. వింజామర వీస్తాడు, అద్దం చూపిస్తాడు, పాడతాడు, ఆడతాడు. ఇంత చేసి ఏం అడిగాడు? చివరి శ్లోకంలో ఒక్కటే. తప్పులుంటే మన్నించమని. అంతే. ఒక సన్యాసి పేరుతో ఉన్న స్తోత్రం అది. చేతిలో కానీ లేని మనిషి, రత్నాల కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

ఇదేదో పూలు దొరకనివాళ్ళ సర్దుబాటు అనుకోకండి. భాగవతంలో ఏకాదశ స్కంధం ఉంది కదా, కృష్ణుడు ఉద్ధవుడికి చెప్పే భాగం. అక్కడ పూజకి పనికొచ్చే విగ్రహాలు ఎనిమిది రకాలని చెబుతాడు. రాతిది ఉంది, కొయ్యది ఉంది, ఇసుకతో చేసింది కూడా ఉంది. వాటి వరసలోనే మనసుతో చేసుకున్న విగ్రహం కూడా ఉంది. అదేమీ రాతిదాని కంటే తక్కువని చెప్పలేదు.

ఇప్పుడు అడిగే ఊహ సంగతి. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని మనకో సామెత ఉంది. పంచతంత్రంలో పేలపిండి కుండ బ్రాహ్మడి కథ చిన్నప్పుడు విన్నారు కదా. గోడకి కుండ వేలాడదీసి, దాని కింద మంచం వేసుకుని పడుకుంటాడు. ఈ పిండి అమ్మి మేకలు, మేకలమ్మి ఆవులు, ఆవులమ్మి గుర్రాలు, తర్వాత మేడ, పెళ్ళి, కొడుకు. ఆ కొడుకు ఏడిస్తే భార్య ఎత్తుకోలేదని కాలు ఎత్తి తంతాడు. కుండ పగిలి పిండి నెత్తిన పడుతుంది. ఆ ఊహలో అతను ఎవరికైనా పిడికెడు పిండి పెట్టాడా? లేదు. అంతా తనకే వచ్చింది. వచ్చీ వచ్చీ చివరికి తన్నడానికి కాలు లేచింది.

ఈ కుండ బ్రాహ్మడికి ఈ కాలంలో గిరాకీ బాగా పెరిగింది. 2006లో 'ద సీక్రెట్' అని ఒక సినిమా వచ్చింది, అదే పేరుతో పుస్తకమూ వచ్చింది. కావలసింది గట్టిగా ఊహించుకో, విశ్వం నీకు పంపిస్తుంది అని దాని సారం. కొత్త ఇంటి బొమ్మ గోడకి అంటించుకుని రోజూ చూసుకునేవాళ్ళని నేను ఎరుగుదును. మన తెలుగు ఇళ్ళలోనే. నాకైతే అది ప్రార్థనలా అనిపించదు, విశ్వానికి రాసిన సామాన్ల చీటీలా అనిపిస్తుంది.

దీన్ని ఒకావిడ పరీక్షించి కూడా చూశారు. గాబ్రియెల్ ఓటింగెన్ అని, న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రం చెప్పే ఆచార్యురాలు. చదువు పూర్తయ్యి ఉద్యోగం వెతుక్కునే విద్యార్థుల్ని అడిగారు. ఉద్యోగం వచ్చేసినట్టు ఎంత తరచుగా ఊహించుకుంటున్నారు అని. రెండేళ్ళ తర్వాత చూస్తే, ఎక్కువ ఊహించుకుని మురిసిపోయినవాళ్ళకి అవకాశాలు తక్కువ వచ్చాయి. జీతాలూ తక్కువే వచ్చాయి. ఎందుకంటే వాళ్ళు దరఖాస్తులే తక్కువ పెట్టారు. ఊహలో సగం కడుపు నిండింది, ఇక కాళ్ళు కదలలేదు. ఓటింగెన్ గారు ఊహించుకోవద్దు అనలేదు, దారిలో అడ్డమేమిటో కూడా చూడమన్నారు. ఉద్యోగం వెతుక్కుంటున్న పిల్లలెవరైనా వింటుంటే, ఇది రాసిపెట్టుకోండి.

సరే. నాది అడిగే ఊహా, పెట్టే ఊహా అని తెలుసుకోవడం ఎలా? దానికి ఒక పరీక్ష ఉంది. అది కనిపెట్టిన మనిషి పేరు తెలుగువాళ్ళందరికీ తెలుసు, మనిషి మాత్రం తెలీదు. విజయవాడ లయోలా కాలేజీ. మీ ఇంట్లోనో మీ చుట్టాల్లోనో ఒకరైనా అక్కడ చదివే ఉంటారు. ఆ లయోలా అనేది స్పెయిన్లో ఒక ఊరు. ఆ ఊరి మనిషి ఇగ్నేషియస్. మన డెట్రాయిట్ మెర్సీ విశ్వవిద్యాలయం మూలాల్లో కూడా ఆయన మొదలుపెట్టిన జెసూట్ సంఘం ఉంది.

ఈయన మొదట్లో సాధువు కాదు. కత్తి పట్టిన వాడు, పరువు పిచ్చి ఉన్నవాడు. 1521లో పాంప్లోనా కోట దగ్గర ఫిరంగి గుండు తగిలి కాలు విరిగింది. ఎముక వంకరగా అతికింది. మళ్ళీ విరిచి అతికించారు. నెలల తరబడి మంచం మీద ఉన్నాడు. పొద్దుపోక వీరుల ప్రేమకథల పుస్తకాలు తెమ్మన్నాడు. ఆ ఇంట్లో అవి లేవు. ఉన్నవి రెండు. ఒకటి క్రీస్తు జీవితం, ఒకటి సాధువుల కథలు. సరే, అవే చదివాడు.

చదువుతూ పగటికలలు కనేవాడు. ఒకపూట, ఒక గొప్పింటి దొరసాని దగ్గరికి వెళ్ళి, ఏ మాటలు చెప్పి, ఏ సాహసాలు చేసి ఆమె మెప్పు పొందాలా అని. గంటలు గంటలు ఆలోచించేవాడు. ఇంకోపూట, ఆ సాధువుల్లాగా తానూ వట్టికాళ్ళతో జెరూసలేం నడిచి వెళితే ఎలా ఉంటుంది, ఆకులలములు తింటే ఎలా ఉంటుంది అని. రెండూ కంటున్నంతసేపు బాగానే ఉన్నాయి. తేడా తర్వాత తెలిసింది. మొదటి కల అయిపోయాక నోరెండిపోయినట్టు, వెలితిగా ఉండేది. రెండో కల అయిపోయాక కూడా సంతోషం అలాగే మిగిలేది. ఆ తేడా ఆయన కనిపెట్టాడు. తర్వాత ఆయన బతుకంతా ఆ తేడా మీదే నడిచింది.

వినండి, ఇదే పరీక్ష. ఊహ నడుస్తుండగా ఎలా ఉందని చూడకండి. అయిపోయాక ఏం మిగిలిందో చూడండి. నీరసం మిగిలితే అది అడిగే ఊహ. నిండుగా ఉంటే పెట్టే ఊహ.

తర్వాతి రోజుల్లో ఆయన ధ్యానానికి ఒక చిన్న పుస్తకం తయారు చేశాడు. అందులో క్రీస్తు పుట్టిన రాత్రిని ఊహించుకోమంటాడు. బెత్లెహేము దారి ఎంత పొడుగుంది, ఎత్తుపల్లాలు ఎలా ఉన్నాయి, ఆ గుహ ఎంత చిన్నది అని చూడమంటాడు. ఆ తర్వాత ఏమంటాడో తెలుసా? నువ్వక్కడ దూరంగా నిలబడి చూడొద్దు, ఒక పేద పనిమనిషివై వాళ్ళకి కావలసినవి అందించు అంటాడు. మా వీధి చివర గుంటూరు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం ఉంది. వాళ్ళింటి అమ్మగారికి ఈ మాట చెబితే, "అయితే పసిబిడ్డకి నీళ్ళు కాచే పని నాది" అంది. ఆమె మా అత్తయ్యగారిని చూడలేదు. చూస్తే ఇద్దరికీ బాగా కుదిరేది.

ఈ పరీక్ష పెట్టి మన కుచేలుడి కథ ఒకసారి చూడండి. కుచేలుడు అనగానే మనకి ఏం గుర్తొస్తుంది? చివర్లో మేడలు లేవడం. నేనూ అలాగే విన్నాను, అలాగే పిల్లలకి చెప్పాను. కానీ దశమ స్కంధంలో ఆ మేడలకి ముందు ఒక ముక్క ఉంది. తిరుగు ప్రయాణం. ద్వారకలో కృష్ణుడు కాళ్ళు కడిగాడు, పక్కన కూర్చోబెట్టుకున్నాడు, కొంగున దాచుకున్న అటుకులు లాక్కుని తిన్నాడు. కానీ చేతికి ఏమీ ఇవ్వలేదు. ఇతనూ నోరు తెరిచి అడగలేదు. ఖాళీ చేతులతో ఇంటిదారి పట్టాడు. ఇంటి దగ్గర పెళ్ళాం పిల్లలు పస్తులు. ఆ దారిలో ఆ మనిషి ఏడవాలి కదా? ఏడవలేదు. నన్ను కౌగలించుకున్నాడు, తన మంచం మీద కూర్చోబెట్టాడు అని తలుచుకుంటూ నడిచాడు. డబ్బిస్తే తనని మరిచిపోతానని నా మీద దయతోనే ఇవ్వలేదులే అనుకున్నాడు. అప్పటికి మేడలు ఉన్నట్టు అతనికి తెలీదు. అయినా అతను కలిగినవాడే.

మనిషిని అంత నింపింది ఏమిటి? పిడికెడు అటుకులు. అవీ పక్కిళ్ళలో అడిగి తెచ్చినవి. కానీ అతను పెట్టాడు, అవతలివాడు తిన్నాడు.

ఇక నెమ్మదితనం సంగతి. ఊహలో తొందరపడితే ఏమీ రాదు. మద్రాసుకి కాస్త పడమటన తిరునిన్రవూరు అని ఒక ఊరుంది. అక్కడ పూసలారు అనే శివభక్తుడు ఉండేవాడని తమిళంలో పెరియపురాణం చెబుతుంది. గుడి కడదామనుకున్నాడు, డబ్బు పుట్టలేదు. మనసులో కట్టడం మొదలుపెట్టాడు. శంకుస్థాపన దగ్గర్నుంచి. ముహూర్తం చూసి పునాది, ఒక్కొక్క రాయి, ప్రాకారం, శిఖరం, బావి, కోనేరు. చివరికి ప్రతిష్ఠకి రోజు పెట్టుకున్నాడు. అదే రోజున కంచిలో పల్లవరాజు పెద్ద రాతిగుడికి ప్రతిష్ఠ పెట్టుకున్నాడు. శివుడు రాజుకి కలలో కనపడి, ఆ రోజు నేను పూసలారు గుడికి వెళుతున్నాను, నీ ముహూర్తం మార్చుకో అన్నాడట. రాజు వచ్చి ఊరంతా వెతికితే గుడే లేదు! ఆ ఊళ్ళో ఇప్పుడు హృదయాలీశ్వరుడి పేరుతో రాతిగుడి ఉంది.

కథ నమ్మినా నమ్మకపోయినా, ఒక్కొక్క రాయి అన్న మాట పట్టుకోండి. 2010లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఒక చిన్న ప్రయోగం చేశారు. చాక్లెట్ బిళ్ళలు తింటున్నట్టు ఊహించుకోమన్నారు. కొందరిని 3 బిళ్ళలు, కొందరిని 30 బిళ్ళలు. ఒక్కొక్కటే, నోట్లో వేసుకుని, నమిలి, మింగినట్టు. తర్వాత నిజం బిళ్ళల గిన్నె ముందు పెట్టారు. 30 ఊహించుకున్నవాళ్ళు తక్కువ తిన్నారు. ఊరికే చాక్లెట్ గుర్తుచేసుకుంటే అలా జరగలేదు. ఒక్కొక్కటే తిన్నట్టు చేస్తేనే జరిగింది. పూసలారు ఒక్కొక్క రాయి, మా అత్తయ్యగారు ఒక్కొక్క పువ్వు. మళ్ళీ చెబుతున్నాను. ఒక్కొక్కటే.

ఇదంతా కడుపు నిండినవాళ్ళ కబుర్లు అని మీలో ఎవరైనా అనుకుంటుంటే, అందులో న్యాయం ఉంది. మా ఊళ్ళోనే ఒక చోటికి తీసుకెళతాను. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఆర్చర్డ్ లేక్ రోడ్డు మీద జెకెల్మన్ హోలోకాస్ట్ సెంటర్ ఉంది. హిట్లర్ కాలంలో చంపేసిన యూదుల జ్ఞాపకంగా కట్టింది. 1984లో పక్క ఊళ్ళో మొదలైంది, 2004లో ఇక్కడికి వచ్చింది. నేను ఆ ముందు నుంచి కూరగాయలకి వెళుతూ వస్తూ ఏళ్ళ తరబడి లోపల అడుగు పెట్టలేదు.

అక్కడ ఒక చెట్టు ఉంది. హార్స్ చెస్ట్‌నట్ జాతి. ఆన్ ఫ్రాంక్ పేరు వినే ఉంటారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక కార్యాలయం వెనక భాగంలో రెండేళ్ళు దాక్కున్న పిల్ల. 1942 జులైలో లోపలికి వెళ్ళినప్పుడు 13 ఏళ్ళు. పగలు కిటికీ దగ్గరికి వెళ్ళడానికి లేదు. అటక మీది కిటికీలోంచి మాత్రం ఒక చెస్ట్‌నట్ చెట్టు కనపడేది. ఆకుల్లేని కొమ్మల మీద నీటిబొట్లు మెరవడం కూడా ఆ పిల్ల డైరీలో రాసుకుంది. ఆ చెట్టు 2010లో గాలికి పడిపోయింది. దాని గింజలతో పెంచిన మొక్కలు అమెరికాలో 11 చోట్లకి ఇచ్చారు. అందులో ఒక చోటు మా ఊరు.

ఆ పిల్ల డైరీ ఎవరికి రాసింది? కిట్టీ అని తానే ఊహించుకున్న ఒక స్నేహితురాలికి. లేని స్నేహితురాలికి కబుర్లు పెట్టింది. పెట్టే ఊహ అంటే ఇదీ.

ఇంకొకాయన, విక్టర్ ఫ్రాంకల్. వియన్నా నగరపు మానసిక వైద్యుడు. నాజీల శిబిరాల్లో ఉన్నాడు. ఒకరోజు తెల్లవారకముందే, గడ్డకట్టిన దారిలో, తోసుకుంటూ పనికి నడిపించుకుపోతున్నారు. ఆ నడకలో ఆయన మనసులో భార్యతో మాట్లాడుతున్నాడు. ఆమె బతికుందో లేదో తెలీదు. ఇంకోసారి, ఆకలీ చలీ పుళ్ళూ భరించలేక, ఒక ఊహ చేశాడు. వెచ్చటి హాలు, దీపాలు, మెత్తటి కుర్చీల్లో జనం. తాను నిలబడి, ఈ శిబిరంలో మనిషి మనసు ఎలా ఉంటుందో వాళ్ళకి పాఠం చెబుతున్నాడు. గమనించండి. అంత ఆకలిలో ఆయన ఊహలో పాఠం పుచ్చుకోలేదు, ఇచ్చాడు.

ఊహ వాళ్ళని కాపాడిందని నేను అనడం లేదు. అంటే అబద్ధం అవుతుంది. ఆన్ చివరికి పట్టుబడి, 1945లో శిబిరంలోనే చనిపోయింది. ఫ్రాంకల్ భార్య కూడా తిరిగి రాలేదు. ఊహ ముళ్ళకంచె తెంచలేదు. కంచె లోపల మనిషిని మనిషిలా ఉంచింది. అంతవరకే నేను చెప్పగలను.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఈ చీకటి నెలల్లో కొందరికి నిజంగానే జబ్బుగా దిగులు పట్టుకుంటుంది. నిద్ర, తిండి, పని అన్నీ దెబ్బతింటాయి. దానికి వైద్యం ఉంది. అలా ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మానసపూజ చేసుకుంటూ కూర్చోకండి.

మళ్ళీ మా ఊరి సంగతికొస్తే, ఈ ఊరికి 1824లో మొదట కాపురం వచ్చినవాళ్ళు క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్ళు. న్యూయార్క్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ అనే ఊరి నుంచి వచ్చారు. అందుకే ఈ పేరు. మొదట్లో దీన్ని క్వేకర్ టౌన్ అనేవారు. వాళ్ళ ప్రార్థన ఎలా ఉంటుందో తెలుసా? బల్లల మీద కూర్చుని, చాలామటుకు నోరు మెదపకుండా, లోపలికి చూసుకుంటూ ఉండడమే. గంటలు లేవు, హారతి లేదు, పూలు లేవు. ఇది తెలిశాక అత్తయ్యగారితో చెప్పాను. "అయితే ఈ ఊరు మంచిదేనే" అన్నారు. రెండు నెలల్లో ఈ ఊరి గురించి ఆవిడ అన్న మొదటి మంచిమాట అది.

ఇప్పుడు పని. కారులో ఉన్నవాళ్ళు మినహా మిగతావాళ్ళు కళ్ళు మూసుకోండి. మీకు బాగా తెలిసిన గ్రంథంలోంచి ఒక్క సన్నివేశం తీసుకోండి. కుచేలుడు ద్వారక వాకిట్లో నిలబడ్డాడు. లేదా రాముడు శబరి గుడిసెకి వస్తున్నాడు. లేదా బైబిల్ 23వ కీర్తనలో పచ్చిక, నీళ్ళు, పరిచిన బల్ల. ఏదైనా సరే, ఒక్కటే. గ్రంథం ఎందుకంటారా? మన ఊహకి తాడు లేకపోతే మూడు నిమిషాల్లో సోమలింగం దగ్గరికి పోతుంది. గ్రంథం ఆ తాడు.

సన్నివేశంలోకి వెళ్ళారా? ఇప్పుడు అక్కడ మీకో పని పెట్టుకోండి. కుచేలుడి దుమ్ము కాళ్ళకి నీళ్ళు మీరు తెండి. చెంబు బరువు చేతికి తెలియాలి. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయా చూడండి. మడమల పగుళ్ళు కనపడాలి. తుడవడానికి గుడ్డ ఎక్కడుంది? వెతకండి. ఒక్కొక్కటే. ఏమీ అడగొద్దు. నాకేం ఇస్తాడు అన్న ఆలోచన వస్తే రానివ్వండి, మళ్ళీ చెంబు దగ్గరికి రండి.

దేవుడి మీద నమ్మకం లేనివాళ్ళు వింటుంటే, మీ అమ్మమ్మని పిలవండి. పోయినావిడైనా సరే. విస్తరి వెయ్యండి. నీళ్ళు చల్లండి. ఉప్పు, పచ్చడి, కూర, పప్పు, ముద్దలో గుంట చేసి నెయ్యి. ఆవిడకి ఏది ఇష్టమో గుర్తు చేసుకుని అది రెండోసారి వడ్డించండి. చాలు చాలు అని చెయ్యి అడ్డం పెట్టేదాకా వడ్డించండి.

పది నిమిషాలు చాలు. అయ్యాక లోపల ఏం మిగిలిందో చూసుకోండి. ఒకరోజుకి తేలదు. నాకు మొదటి వారంలో మూడు రోజులు నిద్ర వచ్చింది, రెండు రోజులు ఆఫీసు గుర్తొచ్చింది. ఆరో రోజున చెంబు బరువు తెలిసింది.

ఒకటి మాత్రం నా కళ్ళతో చూశాను. లోపల పెట్టడం అలవాటైన మనిషి బయట కూడా పెడుతుంది. మార్చి నెలలో అత్తయ్యగారు తమంతట తామే పక్కింటి ముసలాయనకి గిన్నెలో పులిహోర పంపించారు. ఆయన ఎవరో, పేరేమిటో పదేళ్ళుగా మాకే సరిగ్గా తెలీదు. ఆయన ఖాళీ గిన్నె తిరిగి ఇస్తూ అందులో ఆపిల్ పండ్లు పెట్టి ఇచ్చాడు.

ఆవిడ ఏప్రిల్లో తెనాలి వెళ్ళిపోయారు. ఇప్పుడు ఆవిడకి నిజం నందివర్ధనం ఉంది, నిజం మందారం ఉంది. నేను ఇంక ఆ పూజ మానేశారేమో అనుకున్నాను. మొన్న ఆదివారం ఫోనులో మాట్లాడుతుంటే అన్నారు. "పొద్దున మీ ఇంటికొచ్చానే అమ్మాయ్. మీరింకా లేవలేదు. వాకిట్లో మంచంతా చీపురుతో ఊడ్చేసి, కళ్ళాపి చల్లి, చుక్కల ముగ్గు వేసి వెళ్ళాను. చూసుకున్నావా?"

ఫోను పెట్టేసి తలుపు తీసి చూశాను. ఆరంగుళాల మంచు అలాగే ఉంది. పార తెచ్చుకుని ఎత్తడం మొదలుపెట్టాను. ఎందుకో ఆ రోజు ముగ్గు ఉండాల్సిన చోట కాలు పెట్టబుద్ధి కాలేదు. పక్కనుంచి నడిచాను.

ఈ రాత్రి పడుకునే ముందు ఒక విస్తరి వెయ్యండి. ఎవరిని పిలుస్తారో మీ ఇష్టం.